నాలుగంగుళాలు కోసేయమన్నాడు: ఒక రెడీమేడ్ కిల్టు ఆల్టరేషన్

కుర్రాడు సంచీలోంచి కిల్టు, అంటే స్కాట్లండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే వెనక మడతల గళ్లబట్ట, తీసి టేబుల్ మీద పెట్టి, "అక్కా, కింద నాలుగంగుళాలు కోసి కుట్టియ్యి, అంతే" అన్నాడు.

ఖమ్మం అబ్బాయి. ఎడిన్‌బరాలో చదువు ముగించుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. చదువుకునే రోజుల్లో ఒకే ఇంట్లో ఉన్న స్కాటిష్ స్నేహితుడి పెళ్లి స్టర్లింగ్‌లో. తోడిపెళ్లికొడుకుల్లో మనవాడొకడు. అద్దెకు తెచ్చుకుంటే సరిపోయేది, కొలత చూసి వాళ్లే ఇస్తారు. కానీ జ్ఞాపకంగా దాచుకుంటానని ఆన్‌లైన్‌లో కొన్నాడు. పెళ్లికి ఇంకా పన్నెండు రోజులుంది.

నేను కిల్టులు కుట్టేదాన్ని కాదు, ఆ ముక్క ముందే చెప్పాలి. మాది చీరాల. అమ్మ చీరలకు ఫాల్ వేసేది, జాకెట్లు కుట్టేది. నేను ఎడిన్‌బరాలోని లీత్‌లో ఆల్టరేషన్ పనులు చేస్తాను. ప్యాంటు పొడవులు, జిప్పులు, పెళ్లి గౌన్లు, మధ్యమధ్య ఇలాంటి కిల్టులు. చేత్తో కిల్టు కుట్టడం ఇక్కడ వేరే విద్య, ఏళ్ల తరబడి నేర్చుకుంటారు. ఆ పనిలో నేను వేలు పెట్టను. రెడీమేడ్‌వి మాత్రం తీసుకుంటాను.

వచ్చిన సరుకు ఇదీ: బ్లాక్ వాచ్ గళ్లు, అంటే ముదురు నీలం, ముదురు పచ్చ, నలుపు. ఇక్కడ చాలా గళ్లు ఒక్కో వంశానివి. ఇది ఫలానా వంశానికే చెందిన గడి కాదు, ఎవరు కట్టుకున్నా అభ్యంతరం ఉండదు. ఆ లెక్కన బాగానే ఎంచుకున్నాడు. బట్ట పాలీవిస్కోస్, అంటే పాలిస్టరూ విస్కోసూ కలిపిన నేత, ఉన్ని కాదు. ఐదు గజాలు. నడుము 34, పొడవు 24 అంగుళాలు. అబ్బాయి ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు.

ముందు కత్తెర పక్కన పెట్టి, వేసుకుని రమ్మన్నాను. వచ్చాడు. కిల్టు కింది అంచు మోకాలి చిప్పను దాటి బాగా కిందికి దిగింది, చూస్తే లంగాలా ఉంది. వాడి లెక్క తప్పు కాదు. మోకాలి చిప్ప నడిమికి రావాలంటే సరిగ్గా నాలుగంగుళాలే ఎక్కువుంది. తప్పు ఇంకోచోట ఉంది. జీన్స్ ఎక్కడ ఆగుతుందో అక్కడ, తుంటి ఎముకల మీద, కట్టాడు. కిల్టు నడుము అది కాదు. బొడ్డు దగ్గర, మన తాతలు పంచె బిగించే చోట కట్టాలి. పైకి లాగి బొడ్డు దగ్గర బిగించగానే కింది అంచు రెండంగుళాలు లేచింది. అడిగిన నాలుగులో రెండు, సూది ముట్టకుండానే తగ్గిపోయాయి.

వాడు చెప్పినట్టు కోసేసి ఉంటే, పెళ్లిరోజు స్నేహితులు "పైకి కట్టరా" అని సరిచేసినప్పుడు తొడల మీదికి వచ్చి కూర్చునేది. కోసిన బట్టను పొడిగించడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

కొలతలు తీసేటప్పుడు ఇంకో తంటా ఉంది. మనిషి ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలని తల వంచుతాడు. వంచగానే ముందుభాగం కిందికి జారుతుంది, వెనక లేస్తుంది. అందుకే ఎదురుగా గోడ మీది గడియారం చూస్తూ నిలబడమంటాను. బొడ్డు దగ్గర పట్టీ పై అంచు నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు 22 అంగుళాలు వచ్చింది. తర్వాత మోకాళ్ల మీద నిలబెట్టాను. పాత పద్ధతిలో అలా నిలబడితే అంచుకీ నేలకీ మధ్య సుమారు అంగుళం సందు ఉండాలి. వీడిది నేల మీద పడి కుప్పయింది. అంగుళం సందు వచ్చేదాకా గుండుసూదులతో పైకి మడిచి చూశాను. రెండు పద్ధతులూ దాదాపు ఒకే లెక్క చెప్పాయి.

ఇక అసలు ప్రశ్న. ఆ రెండంగుళాలు పైనుంచి తియ్యాలా, కిందనుంచి తియ్యాలా?

ఈ ప్రశ్న ఎందుకొస్తుందో తెలియాలంటే అసలైన ఉన్ని కిల్టు ఎలా తయారవుతుందో చూడాలి. దానికి కింద హెమ్మింగ్ అనేదే ఉండదు. రెట్టింపు పన్నా బట్ట నాలుగు గజాలు తీసుకుని, పొడవునా మధ్యకు చించి, ఆ రెండు ముక్కలనూ కలిపి ఎనిమిది గజాలు చేస్తారు. ఆ అతుకు ఒక మడత లోపల దాక్కుంటుంది. మగ్గం మీద పుట్టిన నేతంచునే కిందికి ఉంచుతారు. పడుగు పోగులు ఒంటి చుట్టూ అడ్డంగా తిరుగుతాయి, పేక నిలువుగా దిగుతుంది. ఇది మనకు కొత్త సంగతా? చీర కట్టేదీ అలాగే కదా. చీర పొడుగైందని కింది అంచు కోసే ఆడది ఉంటుందా? పైన బొడ్డు దగ్గర ఇంకాస్త దోపుకుంటుంది. ఉన్ని కిల్టు విషయంలో ఇక్కడివాళ్ల పట్టింపు కూడా సరిగ్గా ఇదే. అంచు జోలికి పోకూడదు, తగ్గించాల్సింది పైనే.

అయితే పైన తగ్గించడం దోపుకున్నంత తేలిక కాదు. కిల్టు వెనక మడతలు పైనుంచి కిందిదాకా విడిగా వేలాడవు. నడుము నుంచి పిరుదుల దాకా, మొత్తం పొడవులో దాదాపు మూడోవంతు, కుట్టేసి ఉంటాయి. ఆ కుట్టిన భాగాన్ని ఫెల్ అంటారు. అక్కడ ప్రతి మడతా కింద వెడల్పుగా మొదలై నడుము దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. అంటే పైన రెండంగుళాలు కోస్తే సన్నని భాగం పోయి వెడల్పు భాగం నడుమైపోతుంది. నడుము కొలత పెరుగుతుంది, పిరుదుల దగ్గర పట్టాల్సిన చోటు రెండంగుళాలు పైకి పోతుంది. మళ్లీ ప్రతి మడతనూ విప్పి, కొత్త వాలుతో కుట్టి, లోపలి కాన్వాసు, లైనింగు, పట్టీ, తోలు బెల్టులు అన్నీ తిరిగి వెయ్యాలి. సగం కిల్టు కొత్తగా కుట్టినట్టే. గజం పదహారు ఔన్సులు తూగే మంచి ఉన్ని అయితే ఆ కష్టం పడొచ్చు, కిల్టు మేకర్ దగ్గరికి పంపేదాన్ని కూడా. ఈ పాలీవిస్కోస్‌కి అంత ఖర్చు పెట్టమని చెప్పలేను.

అంచు తిప్పి చూశాను. నేతంచు లేదు. ఫ్యాక్టరీవాళ్లు బట్టను అడ్డంగా కోసి, పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి, అంగుళం లోపలికి మడిచి మిషన్ కుట్టు వేశారు. కాపాడుకోవాల్సిన అంచే లేదు గనుక చర్చ అక్కడితో అయిపోయింది. కిందనుంచే తగ్గిస్తాను. నేతంచు గనక ఉండి ఉంటే వాణ్ణి వెనక్కి పంపేసేదాన్ని.

సరిగ్గా రెండంగుళాలు తగ్గించలేదు, 1¾ మాత్రమే తగ్గించాను. కారణం గడి. 22 అంగుళాల దగ్గర మడిస్తే మడత నేరుగా ఒక నల్లగీత అంచు మీద పడుతోంది. చేతిపనిలో నూలువాసి తేడా వచ్చినా ఒక మడతలో గీత కనిపిస్తుంది, పక్క మడతలో కనిపించదు. దూరం నుంచి అంచు పళ్లు ఊడినట్టుంటుంది. పావు అంగుళం కిందికి జరిపితే మడత పచ్చ గడి నడుమ పడుతుంది, చిన్నాచితకా తేడాలు అందులో కలిసిపోతాయి. మోకాలి దగ్గర పావు అంగుళం తేడా ఎవరూ పట్టుకోరు, గీత వంకర మాత్రం పట్టుకుంటారు.

ఇప్పుడు మందం లెక్క. ఈ పనిలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఐదు గజాలంటే 180 అంగుళాలు. ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే మడతల్లేని రెండు భాగాలకూ, అంటే ఏప్రన్లకూ, పక్క మడతలకూ పోను దాదాపు 130 అంగుళాల బట్ట వెనక ఇరవై అంగుళాల చోటులో మడతలుగా కూరి ఉంది. అంటే వెనక ఎక్కడ పట్టుకున్నా సగటున ఆరేడు పొరలు. ఒకసారి లోపలికి మడిస్తే అంచు దగ్గర అవి పదమూడు అవుతాయి. చుడీదార్ ప్యాంటుకు చేసినట్టు రెండుసార్లు మడిచి కుడితే ఇరవై. ఇరవై పొరల అంచు కిందికి వేలాడదు, గొడుగులా బయటికి తన్నుతుంది. అందుకే ఒకటే మడత, చివర ఓవర్‌లాక్. లోపలి మార్జిన్ 1¼ అంగుళం. ఇంకా తక్కువ ఉంచితే పల్చటి బట్టలో అంచుకు బరువు చాలదు, నడిచేటప్పుడు ఎగురుతుంది. ఎదిగే పిల్లవాడి కిల్టయితే మందమైనా సరే మొత్తం మార్జిన్ లోపలే దాచేదాన్ని, రెండేళ్లకు విప్పుకోవచ్చు. వీడు ఇంకేం ఎదుగుతాడు!

పని మొదలుపెట్టే ముందు మడతలన్నిటినీ కచ్చాకుట్లతో బంధించాను. ఫెల్ కింద ఒక వరస, మధ్యలో ఒక వరస, అంచుకు ఆరంగుళాల పైన ఒకటి. తెల్లదారం, పెద్ద ఏటవాలు కుట్లు. ఇది చెయ్యకుండా అంచు విప్పితే ఇరవై మడతలూ దారి మరిచిపోతాయి. ఇస్త్రీతో వాటిని మళ్లీ వాటి చోటికి తేవడం కన్నా కొత్త కిల్టు కొనుక్కోవడం నయం.

తర్వాత పాత కుట్టు విప్పాను. మార్జిన్ కిందికి తెరిస్తే మొత్తం 25 అంగుళాలు. కొత్త మడత 22¼ దగ్గర, దాని కింద 1¼, అంటే 23½ దగ్గర కోత. పాత మడత గీత 24 దగ్గర ఉంది కాబట్టి కోసిన పేలికతో పాటే పోయింది. ఇది మన అదృష్టం. పాలీవిస్కోస్‌లో ఫ్యాక్టరీ వేసిన మడత తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లతో తడిపి ఇస్త్రీ చేసినా పూర్తిగా పోదు, నీడలా మిగులుతుంది.

గుర్తులు సుద్దతో, స్కేలుతో పెట్టలేదు. గళ్ల బట్టకు గీతే స్కేలు. మడత మడతా తెరుస్తూ, ఆ పచ్చ గడిలో నల్లగీత నుంచి ఎంత దూరమో చూసుకుంటూ గుండుసూది గుచ్చుకుంటూ పోయాను. కోసిన పేలిక ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఐదు గజాల పొడవు. దాన్ని పారెయ్యలేదు. ముందుగా దాని మీదే ఇస్త్రీపెట్టె వేడి పరీక్షించాను. ఉన్నికి పెట్టే వేడి ఈ బట్టకు పెడితే క్షణంలో మెరుపు మచ్చ పడుతుంది, అది జన్మలో పోదు.

పై ఏప్రన్ కుడి అంచుకు కుచ్చులా దారాలు వేలాడుతుంటాయి, ఫ్రింజ్. హెమ్మింగ్‌లోకి మడిచిపోయే 1¼ అంగుళం మేర ఆ దారాలు కత్తిరించేశాను. లేకపోతే కింది మూలలో కుచ్చు రెట్టింపై పిల్లి మీసంలా పొడుచుకొస్తుంది. లోపలి ఏప్రన్‌ను పై ఏప్రన్ కన్నా పావు అంగుళం ఎక్కువ మడిచాను. లోపలిది కనిపించకుండా ఉండాలంటే సమానంగా ఉంటే చాలదు, కాస్త పైకే ఉండాలి. మడతల లోపలి మలుపుల దగ్గర కూడా అంతే, నూలువాసి పైకి.

కుట్టు చేత్తోనే వేశాను, దారం అడ్డంగా దాటుకుంటూ పోయే హెరింగ్‌బోన్ కుట్టు. బయటికి కుట్టు కనిపించకుండా అంచు కుట్టే బ్లైండ్ హెమ్ మిషన్ ఉంది, ఆ మిషన్ మీద పాతిక నిమిషాల పని ఇది. కానీ మిషన్ దారం కాస్త బిగించినా పల్చటి బట్టలో బయటికి చిన్న గుంటలు పడతాయి, నల్లటి బట్టలో పెళ్లి ఫొటోగ్రాఫర్ ఫ్లాష్‌కి అవి వరసగా మెరుస్తాయి. చేతికుట్టు వదులుగా ఉంటుంది, బట్టతో పాటు కదులుతుంది. ఐదు గజాలకు మూడున్నర గంటలు పట్టింది. ఒక తమిళ సీరియల్ మూడు ఎపిసోడ్లు, అర్థం కాకపోయినా.

మడతలు తిరిగి సర్దుకుని, అంచుకు అంగుళం పైన ఇంకో కచ్చాకుట్టు వేసి, తడి నూలుగుడ్డ పరిచి ఇస్త్రీ చేశాను. పెట్టెను జరపకూడదు, ఎత్తి పెట్టాలి. ఒక్కో చోట ఆవిరి లేచాక చెక్కపలక పెట్టి చల్లారేదాకా నొక్కాను. రాత్రంతా కచ్చాకుట్లతోనే బల్ల మీద పరిచి ఉంచాను.

పొద్దున వాడు వచ్చి వేసుకున్నాడు. నా తప్పు అప్పుడు బయటపడింది.

బల్ల మీద గీత గీసినట్టున్న అంచు ఒంటి మీద వెనక ఎడమవైపు దిగిపోయింది. స్కేలు పెట్టి నేల నుంచి కొలిస్తే ముప్పావు సెంటీమీటరు, అంటే పావు అంగుళానికి పైనే. మనిషి వంకరగా నిలబడ్డాడేమో అనుకుని రెండుసార్లు తిప్పి చూశాను. మనిషి బాగానే ఉన్నాడు. ఫ్యాక్టరీలో పట్టీ వేసేటప్పుడు ఎడమవైపు ఆరు మడతలు కాస్త కిందికి జారిన స్థితిలోనే కుట్టేశారు. అక్కడ అడ్డగీతలు పక్క మడతల గీతలతో కలవట్లేదు. పాత పొడవులో అది కనిపించలేదు, ఎందుకంటే వాళ్లు మడతలన్నీ కుట్టాక కింద తిన్నగా కోసేశారు. నేను గీతను నమ్ముకున్నాను. గీతే కిందికి జారి ఉంటే అంచూ జారుతుంది కదా. సూదులు పెట్టేటప్పుడు ఫెల్ దగ్గర గీతలు కలుస్తున్నాయో లేదో ఒక్కసారి పైకి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. చూడలేదు.

సరిచెయ్యడానికి రెండు దారులు. నేలను నమ్మి ఆ ఆరు మడతలనూ పూర్తిగా పైకి ఎత్తితే, పచ్చ గడి వెడల్పు వాటిలో తగ్గి ఆరూ వేరే కిల్టువిలా కనిపిస్తాయి. గీతను నమ్మి వదిలేస్తే అంచు వంకర. సగం సగం పంచాను. ఆరు మడతల కుట్టు విప్పి, నడిమి రెంటినీ ఎనిమిదో వంతు అంగుళం పైకి, అటూఇటూ ఉన్న నాలుగింటినీ అంతకన్నా కొంచెం తక్కువ పైకి ఎత్తి మళ్లీ కుట్టాను. తేడా మెల్లగా మొదలై మెల్లగా కలిసిపోయింది. స్కేలు ఇప్పటికీ ఒప్పుకోదు, కన్ను ఒప్పుకుంది. ఇందుకు ఇంకో గంటన్నర పట్టింది, దానికి డబ్బులు తీసుకోలేదు.

నడుము పని త్వరగానే అయింది. వాడి ప్యాంటు సైజు 32, వదులుగా ఉంటే మంచిదని 34 తెప్పించుకున్నాడు. బొడ్డు దగ్గర కొలిస్తే 32½. కిల్టుకు ఎడమవైపు ఒక బెల్టు, కుడివైపు రెండు. లోపలి ఏప్రన్ కొస నుంచి వచ్చే బెల్టు ఎడమవైపు ఒక చీలికలోంచి బయటికొచ్చి బకిల్‌లో పడుతుంది. పై ఏప్రన్ కుడికొసవి కుడివైపు బకిళ్లలో. బకిళ్లు మూడింటినీ విప్పి అంగుళం వెనక్కి జరిపి కుట్టాను. మిగతా అర అంగుళం బెల్టు రంధ్రాలు చూసుకుంటాయి, భోజనమయ్యాక వదులు చేసుకోవడానికీ ఒకటి మిగిలింది. కుడివైపువి మాత్రమే జరిపితే లోపలి ఏప్రన్ సంచిలా జారుతుంది, రెండువైపులా జరపాలి. ఇలా అంగుళానికి మించి మాత్రం లాగను. అంతకన్నా జరిపితే ఫ్రింజ్ వెళ్లి మొదటి మడత మీద ఎక్కుతుంది, ముందుభాగం బొడ్డుకు పక్కగా పోతుంది.

మొత్తం తొమ్మిది గంటల పని. నా గంటల లెక్కన చూస్తే కిల్టు ధరకే దగ్గరైంది. ఆ సంగతి మొదటే చెప్పాను. "అద్దెకు తెచ్చుకో తమ్ముడూ" అన్నాను కూడా. "మా నాన్న ఫొటో చూసి ఇదేంట్రా లుంగీ అంటాడక్కా, ఆయనకు చేతికిచ్చి చూపించాలి" అన్నాడు. 1746లో చట్టం చేసి, 1782లో ఎత్తేసేదాకా హైలాండ్స్ మగవాళ్లు కట్టుకోకుండా ఆపిన బట్ట ఇదని నాన్నకు చెప్పమన్నాను. మన లుంగీకి అలాంటి చట్టం తప్పింది.

పట్టుకెళ్లేటప్పుడు రెండు మాటలు చెప్పి పంపాను. కూర్చునేటప్పుడు వెనక మడతలు చేత్తో కిందికి దువ్వుకోవాలి, మన ఆడవాళ్లు కుచ్చిళ్లు సర్దుకున్నట్టు. దాచేటప్పుడు నిలువుగా చుట్టి పెట్టాలి, అడ్డంగా మడవకూడదు.

మూడోమాట ఒకటి చెప్పడం మరిచాను. పెళ్లయిన వారానికి కిల్టు మళ్లీ వచ్చింది. అంచు చెక్కుచెదరలేదు, ఆరు మడతల దగ్గర కూడా. కానీ పై ఏప్రన్ కింది మూలలో గోరంత చిరుగు. గాలికి ఎగరకుండా కిల్టు పిన్నును రెండు ఏప్రన్లకూ కలిపి గుచ్చేశాడు. ఆ పిన్ను పై ఏప్రన్‌కు మాత్రమే పెట్టాలి, బరువు కోసం. రెంటికీ కలిపి పెట్టి రాత్రి కేలీలో, అంటే అందరూ కలిసి ఆడే స్కాటిష్ డాన్సులో, చిందులేస్తే ఏప్రన్లు ఒకదాన్నొకటి లాక్కుని బట్ట చిరుగుతుంది.

అప్పుడు పేలిక తీశాను. ఐదు గజాల్లో కొంచెం ఇస్త్రీ పరీక్షకు పోగా మిగతాది చుట్టి డబ్బాలో పెట్టి ఉంది. అందులోంచి పచ్చపోగులు, నల్లపోగులు విడివిడిగా లాగి, వెనక పల్చటి అతుకు ముక్క పెట్టి, పడుగు దారిలో కొన్ని, పేక దారిలో కొన్ని రఫ్ఫు చేశాను. బయటినుంచి వెతికితే తప్ప కనిపించదు. మిగిలిన పేలికను ఈసారి వాడికే చుట్టి ఇచ్చేశాను.